ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు

దర్జీ ఖలందర్‌కు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. యుద్ధపు రోజులు. నరసరావుపేటలో కొత్తగుడ్డ దొరకడం గగనమై, జనం పాత చొక్కాలే తిరగేసి కుట్టించుకునేవారు. అవన్నీ వచ్చి ఖలందర్ మిషను పక్కనే పడేవి. అది చాలదన్నట్టు ఆ ఏడు సంక్రాంతికి వారం ముందే పీర్లపండగ వచ్చిపడుతోంది.

తండ్రి ఉన్నన్నాళ్లూ పెద్దపీరు ఎత్తింది ఆయనే. నిరుడు ఆ వంతు ఖలందర్‌కు వచ్చింది. ఇంటింటా మొక్కుగా కట్టే దట్టీ గుడ్డలతో పీరు బరువెక్కి, నాలుగో వాకిట్లోనే అడుగు తడబడింది. పక్కనే నడుస్తున్న కుర్రాడు నాగూర్ వలి అందుకోకపోతే పీరు నేలకొరిగేదే. ఇంటి ముందుకొచ్చేసరికి పీరు మోసేవాడికి పోసే ఆనవాయితీ నీళ్లు తల్లి కుల్సుం తల వంచుకుని నాగూర్ వలి కాళ్ల మీద పోసింది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. "ఈసారీ తడబడితే పీరు నాగూర్ వలికే" అని పీర్లచావిడి చూసుకునే ముజావరు తేల్చేశాడు.

తాలింఖానాకు పోయి కసరత్తు చేద్దామంటే తీరికేదీ? ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకునేలోపు కాసిని బస్కీలు. కండెకు దారం చుట్టాక కాసిని దండీలు. గిరాకీ కొలతలిచ్చి వీధి మలుపు తిరిగితే మళ్లీ బస్కీలు.

ఓ పూట చొక్కా కోసం వచ్చిన కిరాణాకొట్టు కామేశం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది సాయిబూ, గుంజీళ్లు తీస్తన్నావు? ఏ వినాయకుడికి మొక్కావు?"

"మీ చొక్కా కురచగా కత్తిరించాను శెట్టిగారూ, అందుకని!"

కామేశం నవ్వు ఎగిరిపోయింది. ఖలందర్ నవ్వాడు గాని లోపల ఒకటే అనుమానం. ముక్కలతో బొంత కుట్టొచ్చు. ముక్కలు ముక్కలుగా చేసిన కసరత్తు ఊరంతా పీరు మోయిస్తుందా?

పండగనాడు పీరు ఎత్తాడు. నాలుగో వాకిలి దాటింది. రెక్కలు పీకేస్తుండగా సొంత గుమ్మం వచ్చింది. కుల్సుం బిందెడు నీళ్లూ కొడుకు కాళ్ల మీద పోసింది. డప్పులు ముందుకు కదిలాయి. ఖలందర్ కాలెత్తాడు.

"ఆగరా" అని ఆమె లోపలికెళ్లింది.

పీరు అంతకంతకూ బరువెక్కుతోంది. "చానాసేపైంది, ఇటియ్యన్నా" అంటూ నాగూర్ వలి చేతులు చాపాడు. ఖలందర్ తల అడ్డంగా ఊపాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్కచోట నిలవని మనిషి, కదలకుండా నిలబడ్డాడు.

కుల్సుం రెండో బిందె తెచ్చి వంచింది.

"ఇయ్యి నిరుటి నీళ్లురా."