తడిగుడ్డకి అంటుకుపోయిన అక్షరాలు

ఆ రోజుల్లో కంప్యూటరంటే నాకు గుళ్లో విగ్రహంతో సమానం. దూరం నుంచి దండం పెట్టుకోవడమే గాని, ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. (నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు వచ్చిన చదువల్లా బస్సు బోర్డుల మీదిది: పెనుగొండ, సామర్లకోట. మూడో ఊరైతే కండక్టర్నే అడగాలి.) మా ఆయన చనిపోయిన ఏడాదే రాజమండ్రిలో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో తుడవడానికి, టీలు ఇవ్వడానికి కుదిరాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ఆ పని పోతే పిల్లని చంకనేసుకుని మళ్లీ మా అన్నయ్య వాకిట్లో నిలబడాలి. అందుకే చెప్పినవీ తుడిచేదాన్ని, చెప్పనివీ తుడిచేదాన్ని.

అక్కడ వాళ్లు కొత్తగా ఓ సర్వీసు పెడుతున్నారు. వెబ్ పేజీ ఇటు పంపిస్తే అటు ఫొటోగా మారి వస్తుందట. మొదటి బేరం ఓ పూతరేకుల కొట్టుది. వాళ్ల రేట్ల పేజీ రోజూ పొద్దున్నే ఫొటో అయి, కొనేవాళ్ల ఫోన్లకి వెళ్లాలి. దానికోసం మూల బల్ల మీద కొత్త మిషన్ పెట్టారు. తెల్లారితే శుక్రవారం కదా అని, ఇంట్లో గ్రైండర్‌కి చేసినట్టే, సాయంత్రం వెళ్లేముందు దాన్ని తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టాను.

మర్నాడు ఫొటో వచ్చింది. పూతరేకుల బొమ్మ ఉంది, అంకెలున్నాయి. తెలుగు ఉండాల్సిన చోటల్లా వరసగా గళ్లలాంటి ఖాళీ డబ్బాలు!

"నిన్నటిదాకా బాగానే వచ్చిందండి!" అంది కళ్లజోడు అమ్మాయి. (ఆఫీసులో అందరికంటే చిన్నది, ఆ పనంతా తనదే.)

"మరి రాత్రికి రాత్రే అక్షరాలు ఎవరెత్తుకుపోయారమ్మా?" అన్నారు ఆఫీసు నడిపే సారు.

నేను టీ గ్లాసులు అక్కడే పెట్టేశాను. ఎత్తుకుపోయిందెవరో నాకు తెలుసు. వెనక్కి పరిగెత్తి, గుడ్డ నానేసిన బకెట్‌లోకి తొంగి చూశాను, అక్షరాలేమైనా తేలుతున్నాయేమోనని. (నవ్వకండి. నాకప్పుడు ఏడుపొచ్చింది.)

తిరిగొచ్చేసరికి సారు మిషన్ మీది బొట్టుకేసి చూస్తున్నారు.

"ఇదెవరి పనమ్మా?"

"నాదేనండీ... గట్టిగా తుడిచేశానండీ. అక్షరాలు గుడ్డకి అంటుకుపోయాయండీ. ఇంకెప్పుడూ ముట్టుకోనండీ. పనిలోంచి మాత్రం తీసెయ్యకండి బాబూ!"

ఆఫీసు ఆఫీసంతా పగలబడి నవ్వింది. కళ్లజోడు అమ్మాయి లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో పిన్నిగారూ! నిన్నటిదాకా నా లాప్‌టాప్‌లో నడిపామండి, అందులో తెలుగు అక్షరాలున్నాయి. ఈ కొత్త మిషన్‌లో పెట్టడం నేనే మర్చిపోయాను. అసలు లేనివాటిని మీరెలా తుడిచేస్తారండీ?"

అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఆ అమ్మాయి అక్షరాలు ఎక్కించి ఫొటో మళ్లీ తీసింది. డబ్బాలు పోయాయి. నాకు వచ్చిన 'పె' కోసం వెతికితే 'పూ' దొరికింది. దగ్గర చుట్టమే కదా అని దాన్నే కళ్లారా చూసుకున్నాను.

"రేపట్నుంచి పంపేముందు మీరోసారి చూసిపెట్టండమ్మా," అన్నారు సారు. "డబ్బాలు కనిపిస్తే కేకెయ్యండి. తుడవడం మాత్రం పొడిగుడ్డతోనే."

అలా చదువురాని నేను వాళ్లకి అక్షరాలు చూసిపెట్టే మనిషినయ్యాను. ఇప్పటికీ ఎవరైనా నా ఫోన్‌కి ఫొటో పంపితే ముందు డబ్బాలున్నాయేమోనని చూస్తాను. లేకపోతే హమ్మయ్య అనుకుంటాను. అప్పుడే, బకెట్ మీదికి వంగి నీళ్లలో అక్షరాలు వెతుక్కుంటున్న ఆ పిచ్చిపిల్ల కళ్లముందు మెదులుతుంది. వెనకనుంచి వెళ్లి భుజం తట్టి, "లేవే, ఏం పోలేదు" అనాలనిపిస్తుంది.