నా బదులు ఆటో స్టార్టరు

మొన్న నేను జేసిన ఘనకార్యం చెప్తే చాయ్ కింద వోస్తరు, ముందుగాల గ్లాసులు పక్కకు వెట్టుండ్రి!

శివరాత్రి దాటినంక ఎవుసం ఎట్లుంటదో మీకెరికే గదా. నాట్లయిపాయె, కలుపయిపాయె. కోతలకు ఇంకా టైమున్నది. మిగిలిన పని ఒక్కటే. కరెంటొచ్చినప్పుడు పొలం కాడికి ఉరికి బోరు మోటరేసి, కాలువెంబడి ఓపాలి తిరిగి, వరికి నీళ్ళు వెట్టాలె. గంతే! గా ఒక్క పనికే నాకు పానం ఒప్పకపోయేది. సుట్టూ భూములన్ని ప్లాట్లయినయి, యాడ జూసినా తెల్లరాళ్ళే. నడుమ నేనొక్కన్నే పిచ్చోని లెక్క వరేసిన. ఎవలి కోసం జేస్తున్నరా దేవుడా అనిపించి మంచం దిగబుద్ధి గాకపోయేది.

మా ఇంటామె సత్తెమ్మ ఒకటే నస. "ఏమయ్యా, వరి పొట్టకొచ్చింది. గిప్పుడు నీళ్ళు తప్పితే అంత తాలే. లెవ్వు!"

ఎట్ల లేస్త? ఆటో స్టార్టరు డబ్బా దెచ్చి బోరు కాడి గోడకు బిగిపిచ్చిన. కరెంటొస్తే మోటరు దానంతటదే నడుస్తది. ఇగ నాదేముంది, శామీర్‌పేట బస్టాండ్ కాడ హోటల్ల కూసునుడే!

"పొలానికి వోయినవా?" అని సత్తెమ్మ అడిగితే, "నీళ్ళు పారుతున్నయ్" అనేటోన్ని. అబద్ధం గాదు గదా.

ఒకనాడు మా బామ్మర్ది వరసోడు యాదగిరి హోటల్ల కలిసిండు. మా పొలం కింది చెలకల ప్లాట్లు జేసిండు వాడు. మస్తు ఖుషీల ఉన్నడు. "బావా, నా ప్లాట్లల్ల గడ్డి ఎట్ల మొలిసిందో సూడు రా! సిటీకెళ్ళి వొచ్చినోల్లు గ్రౌండ్ వాటర్ మస్తున్నదని ఎగవడి కొంటున్రు."

నాకు కడుపు మండింది. నీళ్ళు లేని గా రాళ్ళ చెలకల పచ్చగడ్డా! వోయి సూద్దును గదా, మోకాలెత్తు గడ్డి, కాళ్ళ కింద బురద. నీళ్ళు యాడికెళ్ళి వొస్తున్నయని ఎగువకు నడిస్తే మా కాలువ కాడ తేలిన. ఎలుకలు గట్టుకు బొక్క వెట్టినయి. బోరు నీళ్ళన్ని కిందికే! వరికి సుక్క అందలే. మడి నెర్రెలు వాసింది. ఒక కంకి తెంపి గింజ ఒత్తిన, పాలే లేవు. నిజం చెప్తున్న, గట్టు మీద కూసొని ఏడ్సిన.

సత్తెమ్మకు కబురందినట్టుంది. వొచ్చింది, వరి దిక్కు సూసింది. బర్రెలను ఇప్పుకొచ్చి మడిల ఇడిసింది. గామె తిట్టినా బాగుండు!

నేను పార వట్టి బొక్క పూడుస్తుంటే, యాప్రాల్ నుంచి ప్లాటు చూడనీకె వొచ్చిన సారొకాయన నా దగ్గరికొచ్చిండు.

"ఈ ప్లాట్లకి నీళ్ళు పెట్టేది నువ్వేనా? ఎంత శ్రద్ధగా పెట్టావయ్యా! మా మొక్కలకి కూడా పెడతావా? జీతం ఇస్తాను."

నేను నోరు దెరిసేలోపే బర్రెల వెనకకెళ్ళి సత్తెమ్మ అందుకున్నది.

"వెట్టింది ఆయన గాదు సారూ, గా గోడకున్న డబ్బా. జీతం దానికే ఇయ్యిండ్రి!"

నిజమే, ఈ యాసంగి పంటల మా పొలంల ఒక్కనాడు తప్పకుండ పనికి వొచ్చింది గా డబ్బా ఒక్కటే.