మా తోటికోడలు పెట్టిన మూడు ఫిల్టర్లు

మా తోటికోడలి గురించి నన్నడిగితే మంచి చెప్పను. మంచిదే, అది వేరే సంగతి.

మాది పరుపుల వ్యాపారం. నేను కోడలిగా వచ్చేనాటికి మూడు కొట్లు, ఇప్పుడు పదకొండు. ఏ కొట్టులో ఏం అమ్ముడైందో కంప్యూటర్లో చూపించే డాష్‌బోర్డు నేను తయారుచేసిందే. కొత్త కొట్టు తెరిచినప్పుడల్లా ఓ గ్రాఫు, మామయ్యగారికి అనుమానం వచ్చినప్పుడల్లా ఇంకో గ్రాఫు చేర్చుకుంటూ పోయాను. చివరికి నూట నలభై అయ్యాయి. కిందికి జరిపీ జరిపీ వేలు నొప్పెట్టేది. ఏది ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు. రోజూ పొద్దున కాఫీ తాగుతూ మామయ్యగారు, "పెద్దమ్మాయ్, దిండ్లు ఎలా పోతున్నాయో చూడు" అనేవారు. చిటికెలో తీసి చూపించేదాన్ని. ఆ ఇంట్లో నాకంటూ దక్కిన గౌరవం అదొక్కటే.

మరిది పెళ్ళయి చిన్నది వచ్చింది. నెల తిరక్కముందే డాష్‌బోర్డు పైన మూడు ఫిల్టర్లు పెట్టింది: కొట్టు, నెల, సరుకు. కావలసింది ఎంచుకుంటే చాలు, మిగతాదంతా పోయి నాలుగంటే నాలుగు గ్రాఫులు నిలుస్తాయి.

"చూశావా పెద్దమ్మాయ్, నేనే నొక్కుకుంటున్నా" అన్నారు మామయ్యగారు మురిసిపోతూ.

"చూశాను మామయ్యగారూ."

కడుపు మండిపోయింది. మర్నాటి నుంచి ఆయన నన్ను పిలవడం మానేశారు. పైగా ఆ పిల్ల వచ్చి, "బాగుందా అక్కా?" అని నన్నే అడిగింది. బాగుంది, అదే నా ఏడుపు. అంత చిన్న ఆలోచన ఏడేళ్ళలో నాకెందుకు రాలేదు?

రెండు నెలలకు మామయ్యగారు ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టారు. మా మొదటి కొట్టు అమ్మకాలు పడిపోయాయి, నెలాఖరుకు మూసేద్దాం అన్నారు. తెర మీద ఫిల్టరు పెట్టి మరీ చూపించారు. ఆ కొట్టు చూసుకునే దూది బాబాయి నా ఎదురుగానే ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళ కిందట దూది ఏకడానికి చేరినవాడు, అందుకే ఆ పేరు. ఈ వయసులో ఇంకెవరూ పని ఇవ్వరు.

"అమ్ముతూనే ఉన్నామయ్యా" అని గొణిగాడు.

తప్పెక్కడుందో నాకు చూడగానే తెలిసింది. ఆ కొట్టు పై అంతస్తు ఒకప్పుడు గోదాము. ఇప్పుడక్కడా పరుపులు అమ్ముతున్నారు, కానీ డాష్‌బోర్డులో దాని పేరు ఇంకా గోదామే. మార్చడానికి బద్ధకించింది నేనే. పాత పేజీలో రెండూ పక్కపక్కనే ఉండేవి, నేను కలిపి చెప్పేదాన్ని. గోదాములో అమ్మకాలేముంటాయని చిన్నది దాన్ని ఫిల్టరులోంచి తీసేసింది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ముందు మూసెయ్యనీ, ఆ ఫిల్టర్ల గొప్పేమిటో అప్పుడు అందరికీ తెలుస్తుంది అనుకున్నాను. దూది బాబాయి నా వంక చూశాడు. కళ్ళు తిప్పుకున్నాను.

"ఆగండి మామయ్యగారూ" అంది చిన్నది. "ఎక్కడో తేడా కొడుతోంది. అక్కా, నువ్వొకసారి చూడవూ?"

అందరూ నావైపు తిరిగారు. ఇక తప్పలేదు.

"గోదాము కూడా కలపాలి" అన్నాను.

కలిపితే ఆ కొట్టు రెండో స్థానంలోకి వచ్చింది. మామయ్యగారు కళ్ళద్దాలు తీసి నన్నే చూశారు. ఆయనేం అమాయకుడు కాదు.

"ఇది నీకెప్పుడు తెలిసింది పెద్దమ్మాయ్?"

నేను తెర వైపు తిరిగి ఆ అంకెలే మళ్ళీ చూడసాగాను.

"అక్క ముందే చెప్పింది మామయ్యగారూ" అంది చిన్నది, నావైపు చూడకుండా. "నేనే మార్చడం మర్చిపోయాను."

మామయ్యగారు అందరి ముందూ దాన్ని చెడామడా తిట్టారు. తలవంచుకుని నిలబడింది. రెండు నెలలుగా నేను కోరుకున్నది అదే. దూది బాబాయి మాత్రం నా దగ్గరికొచ్చి, "నువ్వు లేకపోతే రోడ్డున పడేవాణ్ణమ్మా" అన్నాడు.

దాంతో నా అసూయ చల్లారిందనుకునేరు. రెట్టింపైంది. దాని స్థానంలో నేనుంటే ఆ అబద్ధం ఆడేదాన్ని కాదు.