గుమ్మం దగ్గర చెప్పులున్నాయి, అత్తయ్య లేరు

ఈ రోజు నా గుండె ఆగినంత పనైంది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యకు నాలుగు చోట్లు చూపిద్దామని ఐర్లండ్‌లో మేముండే నేస్ నుంచి కిల్కెన్నీ వెళ్లాం. కోట చూశాక, ఊరి రెండో చివర ఉన్న పాత రాతి చర్చికి వచ్చాం. నేను టికెట్లు తీసుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులున్నాయి, ఆవిడ లేరు.

ఆవిడ దగ్గర ఫోన్ లేదు. ఇంగ్లీషు రాదు. కిందకు దిగితే నది. గట్టు మీద చెప్పులు మాత్రమే దొరికిన వార్తలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "అత్తయ్యా!" అని అరుస్తూ, ప్రతి సమాధి రాయి వెనకా చూసుకుంటూ చర్చి చుట్టూ తిరిగాను. ఇక గార్డాకి, అంటే ఇక్కడి పోలీసులకి, ఫోన్ చేద్దామని ఆగానో లేదో, వెనక నుంచి మంచులాంటి చెయ్యి భుజం మీద పడింది. కెవ్వుమన్నాను.

అత్తయ్యే! తడి గడ్డిలో ఉత్త సాక్సులతో నిలబడ్డారు.

"అంతలా పిలిస్తే పలకరేంటి అత్తయ్యా?"

"ప్రదక్షిణ మధ్యలో మాట్లాడతారా ఎవరన్నా? నువ్వూ నా ముందే చేస్తున్నావు కదా! కాకపోతే అంత గట్టిగా అరవక్కర్లేదమ్మా, మనసులో అనుకుంటే చాలు."

ఇప్పుడు ఆ చెప్పులు మా ఇంటి గుమ్మం దగ్గరున్నాయి. అవి కంటపడ్డ ప్రతిసారీ, ఆవిడ లోపలే ఉన్నారా అని తొంగి చూసి వస్తున్నాను. ఈ వణుకు ఎన్నాళ్లకు తగ్గుతుందో, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.