హద్దుల్లో మిగిలిన ఊరు

రేపల్లె రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ముప్పై ఎనిమిదేళ్ళు దస్తావేజులు రాసిన బ్రహ్మయ్య ఎవరినీ ఒట్టి మాట మీద నమ్మేవాడు కాదు. చనిపోయిన మనిషి పేరు చెప్పుకుని వేలిముద్ర వేయడానికి వచ్చినవాళ్ళను చూశాడు. అన్న సంతకం తమ్ముడు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. చివరికి ఇంటికి శుభలేఖ వచ్చినా వెలుగుకు ఎత్తి పట్టుకుని, తిప్పి చూసి గానీ చదివేవాడు కాదు.

పని మానేశాక ఆయన దగ్గర నాలుగు నోటుపుస్తకాలు మిగిలాయి. పొలాలకు హద్దులు రాసేటప్పుడు తగిలిన పాత పేర్లన్నీ వాటిలో ఉన్నాయి. పూడిపోయిన కాలవలు, పొలాల్లో కలిసిపోయిన డొంక దారులు, ఇప్పుడెవరూ పలకని దిబ్బలు. అవి తనతోనే పోతాయని ఆయనకు లోపల దిగులుగా ఉండేది. బాపట్లలో కాలేజీలో పాఠాలు చెప్పే మేనకోడలు ఉషశ్రీ ఒక ఆదివారం వచ్చినప్పుడు ఆ మాట బయటపడింది.

"దానికేముంది మామయ్యా, వెబ్‌సైటు పెట్టుకోండి. కంప్యూటర్ చదువు అక్కర్లేదు. రకరకాల నమూనా పేజీలు వాళ్ళే ఇస్తారు, ఒకటి ఎంచుకుని మీరు రాసుకోవడమే."

"ఎంత తీసుకుంటారు?"

"మొదటి మెట్టు ఉచితమండి."

బ్రహ్మయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "ఊరికే ఇస్తున్నాడంటే వాడికి మన దగ్గర ఏదో కావాలి. ఏంటది?"

ఉషశ్రీ నవ్వి, సైటు పేరు చివర కంపెనీ పేరు తగిలిస్తారనీ, పేజీలో ప్రకటనలు వేస్తారనీ చెప్పింది. ఆయనకు తృప్తి కలగలేదు. షరతులన్నీ కాగితం మీద తీయించుకుని, ఆమె చేత తెలుగులో చెప్పించుకుంటూ రెండు పూటలు కూర్చున్నాడు. రాసింది రాసినవాడిదేనన్న వాక్యం కింద ఎర్ర గీత గీశాక గానీ ఈమెయిలు ఇవ్వలేదు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు మేనకోడల్ని అటు తిరగమన్నాడు.

నమూనా పేజీలో ఎక్కడిదో సముద్రం బొమ్మ ఉంది. దాన్ని తీసేయించి, తన చేతిరాతలో ఉన్న ఒక పుట ఫొటో పెట్టించాడు. మొదటి వ్యాసం రాశాక 'ప్రచురించు' అన్న మీట దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది నొక్కితే ఎవరెవరికి కనపడుద్ది?"

"అందరికీనండి."

"అందరూ అంటే?"

చివరికి తానొక్కడికే కనపడేలా పెట్టుకున్నాడు. నెల రోజులు రోజూ తెరిచి, తను రాసింది తనే చదువుకున్నాడు. ఏమీ మాయం కాలేదు, అక్షరం మారలేదు. అప్పుడు అందరికీ తలుపు తీశాడు. యజమానుల పేర్లు, సర్వే నంబర్లు మాత్రం ఎక్కడా రాయలేదు. ఎవరైనా వ్యాఖ్య పెడితే తాను ఒప్పుకున్నాకే బయటికి వచ్చే ఏర్పాటు చేయించుకున్నాడు.

ఆరో వ్యాసంలో నిజాంపట్నం వైపు చిలకలదిబ్బ అనే పేరు రాశాడు. నాలుగు రోజులకు ఒక వ్యాఖ్య వచ్చింది: 'అయ్యా, చిలకలదిబ్బకు హద్దులు చెప్పగలరా? చాలా అవసరం. శోభారాణి, తెనాలి.'

బ్రహ్మయ్య ఆ వ్యాఖ్యను రెండుసార్లు చదివాడు. హద్దులు అడిగేవాళ్ళు ఎందుకు అడుగుతారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పాత పేరు అడ్డం పెట్టుకుని ఎవరి రొయ్యల చెరువు మీదకో దొంగ కాగితం పుట్టిస్తున్నారు. వెంటనే ఆ వ్యాసాన్ని దాచేశాడు. మర్నాడు ఆమె ఇంకో వ్యాసం కింద మళ్ళీ రాసింది, ఈసారి ఫోను నంబరుతో. ఆయన ఫోను చేయలేదు. ఆమె పనిచేస్తున్నానని రాసిన నర్సింగ్ హోముకు, చెప్పాపెట్టకుండా, పొద్దుటి రైల్లో వెళ్ళాడు.

శోభారాణి కోసం అడిగితే, తెల్ల చీరలో ఉన్న నడివయసు నర్సు బయటికి వచ్చింది.

"మీకు ఆ దిబ్బతో పనేంటమ్మా? అక్కడ భూమి ఉందా?"

"లేదండి బాబాయిగారూ. సెంటు కూడా లేదు. మా అమ్మ పుట్టిందక్కడ."

"అది ఎవరైనా చెప్పొచ్చు."

ఆమె ముఖం చిన్నబోయింది. కానీ కోపగించుకోలేదు. తల్లి నాగమ్మకు పెళ్ళయిన ఏడాదే ఉప్పెన వచ్చి పుట్టినూరు మొత్తం కొట్టుకుపోయిందట. బతికినవాళ్ళు తలా ఒక దిక్కుకు వెళ్ళారు. ఇప్పుడామెకు మతిమరుపు ముదిరి, చిలకలదిబ్బకు తీసుకెళ్ళమని ఒకటే పోరు.

"అట్టాంటి ఊరే లేదు, ముసలామె కల్పించుకుంటందని మావాళ్ళంతా అంటన్నారండి. మీ దాంట్లో ఆ పేరు చూసి అమ్మకి చదివి వినిపించాను. ఏడ్చేసింది. మర్నాడు చూస్తే ఆ పేజీ లేదు."

బ్రహ్మయ్య తిరుగు రైలెక్కి ఇంటికి వచ్చి, దాచిన వ్యాసం మళ్ళీ బయటపెట్టాడు. అయినా అనుమానం పూర్తిగా చావలేదు. 'మీ అమ్మగారిని తీసుకురండి, నేనే చూపిస్తాను' అని శోభారాణికి రాశాడు. నిజంగా తల్లి ఉంటేనే కదా వస్తారు.

ఆ తర్వాతి ఆదివారమే వచ్చారు. రేపల్లెలో ఆటో మాట్లాడుకుని ముగ్గురూ బయల్దేరారు. నోటుపుస్తకంలో ఉన్న ప్రకారం కాలవకు తూర్పున ఆపించాడు. కనుచూపుమేరా రొయ్యల చెరువులే. నాగమ్మ కూతురి భుజం పట్టుకుని దిగి, చాలాసేపు చూసింది.

"ఇది కాదయ్యా."

"కాగితంలో ఇదేనమ్మా. తూర్పు."

"మాకు కాలవ మీద పొద్దు కుంకేది కాదు. కాలవ మీద పొద్దు పొడిచేది."

బ్రహ్మయ్య ఆ మాటను మనసులో తిప్పి చూసుకున్నాడు. కాలవ మీద పొద్దు పొడవాలంటే దిబ్బ కాలవకు పడమరన ఉండాలి. వంతెన దాటించి అవతలి గట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడ చెరువుల మధ్య ఎవరూ తవ్వని కాస్త మెరక, రెండు తాడిచెట్లు ఉన్నాయి. నాగమ్మ చెప్పులు విడిచింది. కూతుర్ని వదిలేసి, తడబడకుండా ఆ మెరక మీదకు నడిచింది.

ఇంటికి వచ్చి బ్రహ్మయ్య నోటుపుస్తకం తీశాడు. ఆ హద్దును పాత దస్తావేజులోంచి ఎత్తి రాసింది తనే. పొరపాటు పాత రాతదో, తనదో తేల్చుకునే దారి లేదు. నోటుపుస్తకాల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని ఆ రాత్రి నాలుగూ ముందేసుకుని కూర్చున్నాడు.

వ్యాసంలో తూర్పు కొట్టేసి పడమర అని దిద్దాడు. శోభారాణిని ఫోనులో అనుమతి అడిగి, 'ఇక్కడ పుట్టిన నాగమ్మగారు స్వయంగా చూపిన ప్రకారం' అని చేర్చాడు. మిగిలిన ఐదు వ్యాసాలూ మళ్ళీ దాచేశాడు. సోమవారం పొద్దున్నే మొదటి వ్యాసంలోని పేరున్న ఊరికి బస్సెక్కాడు, అక్కడివాళ్ళను అడిగి హద్దులు సరిచూసుకోవడానికి.