జొన్నలు పేలే వేడిలో ఊడిన ఐసీ: మెట్‌పల్లి నుంచి ఆదిలాబాద్ దాకా

పాత ఆర్కేడ్ గేమ్ బోర్డులు ఎక్కడ బాగుచేయించుకోవాలని ఈ మధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నాకు తెలిసింది ఒక్క ప్రయాణమే. తొంభైల మొదట్లో, ఒక ఎండాకాలం, మా అన్న మల్లేశంతో కలిసి మెట్‌పల్లి నుంచి ఆదిలాబాద్ వెళ్లొచ్చాను. అన్న షార్జాలో ఒక వీడియో గేమ్ హాల్లో ఊడ్చి తుడిచే పని చేసేవాడు. ఊరి జనమంతా ఆడిపోయిన మిషన్ల అద్దాలు తుడవడమే గానీ, ఒక్కదాని మీద కూడా తను ఆడటానికి లేదు. హాలు వాళ్లు పాత మిషన్లు తీసేస్తుంటే ఒకే రకం బోర్డులు రెండు అడిగి తీసుకుని, సెలవుకు వస్తూ వెంట తెచ్చాడు. చెక్కడబ్బా చేయించి, ఇంట్లో కలర్ టీవీ అందులో బిగించి, మా ముందు గదిలో గేమ్ షాపు పెట్టాలన్నది ఆలోచన. నడిపేది నేను. మొదటి ఆట మాత్రం తనది. "ఇన్నేండ్లు మంది మిషన్లు తుడిచిన చెల్లె. సొంత మిషన్ మీద ఒక్క ఆట ఆడి పోత" అనేవాడు.

తీరా చూస్తే ఒక బోర్డు సామానులోనే మూల విరిగిపోయింది. రెండోది, షార్జాలో అన్న కళ్లముందే నడిచింది, ఇక్కడ పాట పాడుతోంది కానీ బొమ్మ రాదు, తెర నిండా చారలే. కరీంనగర్‌లో ఒక మెకానిక్ బోర్డు మీది పెద్ద నల్ల చిప్పు మీద వేలు పెట్టి, చురుక్కుమని తీసేసుకున్నాడు. "గీ పెద్ద ఐసీ కాలిపోయింది. గిసొంటిది బజార్ల దొరకది. ఇరిగిన బోర్డు మీద ఉన్నది తీసి గిండ్ల ఏస్తె నడవొచ్చు. కానీ నలభై కాళ్లు సోల్డరైనయ్, నాతోని కాదు. ఆదిలాబాద్‌ల వామన్‌రావని ఉన్నడు, గాయన దగ్గరికి పోండ్రి" అన్నాడు. అప్పటికి అన్న సెలవు అయిపోవచ్చింది. ఆ ఎల్లుండి సాయంత్రమే బొంబాయి బస్సు. మాకు మిగిలింది ఒక్క పగలు.

మరునాడు తెల్లవారకముందే మొదటి బస్సులో ఆర్మూర్ వెళ్లాం. అక్కడి నుంచి నిర్మల్, నిర్మల్‌లో ఇంకో బస్సు మారితే ఆదిలాబాద్. ఇద్దరికీ రానూపోనూ వంద రూపాయలు దాటలేదని గుర్తు. ఇప్పుడా డబ్బుకు ఆర్మూర్ కూడా రాదనుకోండి. బోర్డులు రెండింటినీ అన్న గల్ఫ్ నుంచి తెచ్చిన మెత్తటి బొచ్చు కంబళిలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాడు. ఆ పూల కంబళి మా ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన వస్తువు. చుట్టాలొస్తే చూపించడమే తప్ప ఎవరినీ కప్పుకోనిచ్చేవాళ్లం కాదు. కండక్టర్ వంగి చూసి, "పిల్లగానికి ఎన్నేండ్లు? హాఫ్ టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. "పిల్లగాడు కాదు, ఆటబొమ్మ" అంటే, "గంత ఎండల గానికి కంబళెందుకే!" అని నవ్వుకుంటూ పోయాడు.

సోన్ వంతెన మీద గోదావరి ఎండిన ఇసుకై పడి ఉంది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక నేను కిటికీకి అతుక్కుపోయాను. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అడవి కిందికి, ఇంకా కిందికి జారిపోతోంది. ఆకులు రాలిన టేకు చెట్ల మధ్య మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. మా జిల్లా పక్కనే ఇంత లోకం ఉందని నాకెవరూ చెప్పలేదే అనిపించింది. అన్న మాత్రం కిటికీ వైపు చూడనేలేదు, ఒడిలో మూట కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం కాకముందే ఆదిలాబాద్ చేరాం. పత్తి మార్కెట్ దగ్గర వామన్‌రావు టీవీ రిపేర్ కొట్టు. గాలిలో తేలే దూది పీచులు ఆయన మీసాల మీద కూడా వాలి ఉన్నాయి. మా కథ వినగానే ఛాతీ విరిచాడు. "ఇటు జిల్లా మొత్తం అడుగు, అటు నాందేడ్ దాంక అడుగు. కాళ్లు ఇరగకుంట ఐసీ తీసెటోడు నేనొక్కన్నే!" అంతలో అన్న మూట విప్పబోయాడు. వామన్‌రావు కెవ్వుమన్నాడు. "అరె, థాంబ్, థాంబ్! ఆగు! గా కంబళిల ఎవలు చుట్టిండ్రు?"

"నేనే. షార్జాలనే చుట్టిన, దెబ్బ తాకొద్దని..."

"చీకట్ల గా కంబళి దులిపి చూసినవా? చిటచిట మెరుపులు ఎగురుతయ్. గా మెరుపు ఒక్కటి చాలు, ఐసీ పానం పోనీకి. దెబ్బ తాకలే గని, కరెంటు తాకింది భాయ్."

అన్న మొహం చూడలేకపోయాను. కంటికి రెప్పలా తెచ్చుకున్న వస్తువును ఆ ప్రేమే చంపింది. మిగిలిన ఒక్క ఐసీ కూడా అదే కంబళిలో వచ్చింది. అది బతికుందో లేదో వేసి చూస్తే తప్ప తెలియదన్నాడు వామన్‌రావు.

ఆ తర్వాత ఆయన చేసింది చూసి నా మతి పోయింది. విరిగిన బోర్డు చంకలో పెట్టుకుని, రెండు సందుల అవతల శాంతాబాయి పేలాల భట్టీకి నడిచాడు. నలభై కాళ్లను ఒక్కొక్కటే వేడి చేస్తూ పోతే ఐసీ మాడిపోతుందట, అన్ని కాళ్ల సీసం ఒక్కసారే కరగాలట. ఆయన కోసం శాంతాబాయి ఒక పాత మూకుడు, వేరే ఇసుక విడిగా ఉంచింది. "నా తిండి ఇసుకల నీ సీసం పడొద్దని ముందే చెప్పిన" అంది. పొయ్యి ఎగదోసి, ఇసుక కాగాక, బోర్డును ఐసీ పైకి ఉండేలా దాని మీద పరిచింది. చుట్టూ పిడికెడు జొన్నలు చల్లింది. వామన్‌రావు పత్తి బస్తాలు కుట్టే దబ్బనాలు రెండు ఐసీ కింద చెరోవైపు దూర్చి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఒక జొన్న టప్పుమని పేలింది. వామన్‌రావు చెయ్యి కదిలింది. "ఆగు! ఒక్కటి పేలితె కాదు" అని కసిరింది శాంతాబాయి. తర్వాత రెండు, నాలుగు, ఆపైన వడగళ్ల వాన పడ్డట్టు అన్నీ ఒకేసారి పేలాయి. "ఇగ లేపు!" అంది. దబ్బనాలు కొంచెం పైకి లేచాయంతే. తడి నేలలోంచి పల్లికాయ చెట్టు వచ్చినట్టు నలభై కాళ్లతో ఐసీ పైకొచ్చేసింది. ఒక్క కాలు విరగలేదు, వంగలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా. "చూసిండ్రా, నేనొక్కన్నే అన్ననా లేదా?" అని వామన్‌రావు మీసం దువ్వాడు. "తీసింది నువ్వా, నా జొన్నలా?" అంది శాంతాబాయి, మూకుడు బోర్లిస్తూ. ఆమె మంచి భట్టీలో పేలాలు అప్పుడే దిగాయి. రెండు పొట్లాలు కొని, బెల్లంతో తింటూ వెనక్కి నడిచాం. ఆదిలాబాద్ వెళ్తే అవి తినకుండా రాకండి.

కొట్లో మంచి బోర్డు ముందు కూర్చుని, కాలిపోయిన ఐసీ కాళ్లన్నీ వామన్‌రావు టకటకా కత్తిరించేశాడు. "అయ్యో!" అన్నాను. "సచ్చినదాని కాళ్ల మీద పావురమెందుకు, ముద్దెందుకు బిడ్డా? బోర్డు బతకాలె" అన్నాడు. తుంటలు ఒక్కొక్కటే లాగి, రంధ్రాలు శుభ్రం చేసి, అక్కడ ఐసీ బేస్ సోల్డర్ చేశాడు. చల్లారిన ఐసీని ఆ బేస్‌లో నొక్కి, తన టీవీకి, కొట్లో ఉన్న ఆట మీటలకు వైర్లు కలిపి స్విచ్ వేశాడు.

తెర నల్లగా ఉంది. పాట మొదలైంది. అది ముందూ వచ్చేదే కదా అని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తెర నిండా చుక్కలు, వాటి మధ్య చిన్న ఎర్ర విమానం. ఒక్క చార లేదు. రోడ్డు మీద బండ్లవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. మూకుట్లో జొన్నలతో పాటు వేగిన ముక్క, ఇప్పుడు ఇంత ఆకాశం చూపిస్తోంది.

అన్న భుజం మీది తువ్వాల తీశాడు. తెర అద్దం ఈ మూల నుంచి ఆ మూల దాకా శుభ్రంగా తుడిచాడు. తుడిచి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"ఎవలి కోసం తుడిచినవ్ భాయ్? కూసో!" అన్నాడు వామన్‌రావు.

అన్న కూర్చున్నాడు. ఎంతసేపు ఆడాడని అడక్కండి, ఒక్క ఆటకిచ్చే మూడు విమానాలూ చూస్తుండగానే కూలిపోయాయి. అయినా నవ్వుతున్నాడు. మీటల మీంచి చేతులు తీసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "చెల్లె, ఇంకొక్కటి ఆడొచ్చునా?"

తలూపాను.

చీకటి పడుతుండగా నిర్మల్ బస్సెక్కాం. మరునాడు అన్న వెళ్లిపోయాడు. ఆ గేమ్ షాపు నేను చాలా ఏళ్లు నడిపాను. వచ్చిన పిల్లలు ఆ బోర్డు జపాన్‌దని, అమెరికాదని పందేలు కట్టేవాళ్లు. నాకు మాత్రం బొమ్మ వచ్చిన ప్రతిసారీ ఆదిలాబాద్ జొన్నలు పేలిన చప్పుడే వినిపించేది. ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, గొప్పవని చెప్పే కట్టడాలు చూశాను. ఆ భట్టీ ముందు నోరు తెరుచుకుని నిలబడినట్టు మళ్లీ ఎక్కడా నిలబడలేదు.

వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బోర్డు ఎంత ప్రియమైనదైనా, ఖరీదైన కంబళిలో చుట్టకండి, పాత నూలుగుడ్డ చాలు. మాది ఆ రోజు అన్న తువ్వాలలో ఇంటికి వచ్చింది, ఇప్పటికీ అందులోనే ఉంది.