పరమాన్నంలో పనస గరిటె

ఒక్క గరిటె చెక్కి అత్తవారి వంటిల్లు మొత్తం కడిగించిన అల్లుణ్ణి మన జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే పైకి చెప్పుకుని ఉండరు. తెలివైనవాళ్ళు.

అది ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటేడు. ఏలూరులో నలుగురూ రాట్నం తిప్పుతున్నారు. నేనూ తిప్పాను. నా చేతిలో నూలు మూరెడు సాగకుండానే తెగేది. దాంతో దేశానికి నా సేవ చెక్కపనిలో కావాలని తీర్మానించుకున్నాను. అసలు కారణం వేరు. పెళ్ళయినా మా ఆవిణ్ణి కాపురానికి పంపడం లేదు. మామగారు పంచాంగం తిరగేసి నెలకో సాకు చెప్పేవారు. అత్తగారి మాట మాత్రం తాడేపల్లిగూడెం నుంచి ఆ నోటా ఈ నోటా నాకు చేరింది: "ఆ అబ్బాయికి పేజీలు తిప్పడం తప్ప చేత్తో చేసే పని ఒక్కటీ రాదుట. పిల్ల ఏం సుఖపడుతుంది?"

సరే, నా చేతులేమిటో చూపిద్దామని పనస చెక్క, ఉలి కొన్నాను. పెళ్ళివంటలకు పనికొచ్చే పెద్ద గరిటె చేద్దామనుకున్నాను. ఎడమవైపు వంకర తీస్తే కుడివైపు వంకర తేలేది. అలా సరిచేస్తూ పోగా నలుగురున్న ఇంటికి సరిపడే గరిటె మిగిలింది. అక్కడ ఆపి, మొదటినుంచీ నా ఉద్దేశం అదేనన్నాను.

ఇక నూనె. చెక్కకి ఆరిపోయే నూనె పట్టించాలనీ, కాచిన అవిసె నూనె శ్రేష్ఠమనీ నా ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. కొట్టులో అవిసె నూనె లేదు. కొట్టువాడు అన్నాడు:

"నువ్వుల నూనె రాసేయండి. అందరూ రాసేది అదేనండి."

"అది ఆరదయ్యా, జిడ్డుగా ఉండిపోతుంది."

"గరిటె అన్నాక జిడ్డు ఉండదేంటండీ?"

పుస్తకం చదవనివాడితో వాదనేమిటని వచ్చేశాను. కాలవ రేవులో కొల్లేటి పడవ ఒకటి ఆగి ఉంది. దాని తెడ్డు నిగనిగలాడుతోంది. పడవవాణ్ణి అడిగాను:

"దీనికేం రాస్తావు?"

"ఇంట్లో కాసిన నూనేనండి బాబూ. ఒకసారి రాస్తే రెండు వానాకాలాలు చూసుకోక్కర్లేదండి."

కాచిన నూనె! పుస్తకంలో ఉన్న మాటే!

"మా గరిటెకి కాస్త పోస్తావా?"

"గరిటెకాండీ?" అతను నా నుదుటి విభూతిని, చేతిలో గరిటెను మార్చి మార్చి చూశాడు. "వాసనుంటదండి. మీ ఇళ్ళల్లో మరి..."

"నూనె సంగతి నాకు చెప్పకు. పోయ్."

వాసన తెలిసే వీలు నాకు లేదు. పెద్దమనిషిలా కనిపించడానికి అంతకు ముందే ముక్కుపొడుం పీల్చడం మొదలుపెట్టాను. ముక్కు ఎప్పుడో ఉద్యోగం మానేసింది. గరిటె ఆరినన్నాళ్ళూ వీధిలోని పిల్లులన్నీ నా కిటికీ కింద కూర్చున్నాయి. పశువులకు కూడా పనితనం తెలుస్తుందని మురిసిపోయాను. తరవాత గరిటెను అగరొత్తుల కట్టతో కలిపి చుట్టి రైలెక్కాను.

ఆచారం ప్రకారం అత్తగారు అల్లుడి ఎదుటికి రారు. గరిటె మామగారి చేతిమీదుగా వంటింట్లోకి వెళ్ళింది. "అబ్బాయి స్వయంగా చెక్కారుటండీ?" అని తలుపు చాటునుంచి వినిపించింది. నేను ఉత్తరీయం సర్దుకున్నాను. ఆ గరిటెతోనే పరమాన్నం కలుపుతున్నారు. పాలు మరిగాయి.

"ఏమేవ్, ఏమిటా నీచు కంపు?" అన్నారు మామగారు.

"అదే చూస్తున్నానండీ! పిల్లి ఏమైనా తెచ్చి పడేసిందేమో!"

పిల్లి కోసం అటకంతా వెతికారు. నేనూ ఊరుకోలేదు.

"పాలలో కాలవ నీళ్ళు కలిపి ఉంటారండీ. చేపలు తిరిగే నీళ్ళు కదా," అన్నాను. ఏ కంపూ తెలియని ముక్కుతో ఎంత ధైర్యం!

అంతలో అత్తగారు గరిటె పట్టుకుని నేరుగా బయటికి వచ్చేశారు. పెళ్ళయ్యాక ఆవిడ నా ఎదుటికి రావడం అదే మొదలు.

"నాయనా, దీనికేం పూశారు?"

"కాచిన నూనె అండీ. కొల్లేటి పడవ తెడ్డుకి రాసేది. రెండు వానాకాలాలు..."

అక్కడ ఆగిపోయాను. కొల్లేరులో చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళల్లో ఏం కాస్తారో, ఇన్ని పుస్తకాలు పట్టిన బుర్రకి అప్పటికి తట్టింది.

"రామ రామ! ఇంకా నయం, దేవుడికి పెట్టలేదు," అన్నారు మామగారు.

"ఈ మనిషి దగ్గరికా పిల్లని పంపేది?" అన్నారు అత్తగారు, నా ముందే.

తలుపు చాటునుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"అమ్మా, ఆయనకి వాసన బొత్తిగా తెలీదే."

"అదేగా నా ఏడుపు!"

"నిన్న నేను చారులో పోపు మాడిస్తే నాన్న విస్తరి ముందునుంచి లేచిపోయారు. ఆయనైతే తినేస్తారు. నాకింతకంటే ఎవరు దొరుకుతారే?"

అత్తగారు గరిటె వంక చూశారు. కూతురి వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశారు. ఏడాదిగా దొరకని ముహూర్తం ఆ వారంలోనే దొరికింది.

వంటిల్లు కడిగారు, గిన్నెలు చింతపండుతో తోమారు, గరిటెను పెరట్లోకి విసిరేశారు. అది ఆ ఊరి పిల్లులకు అందిందని విన్నాను. నేను మాత్రం దీపం ముందు నిలబడి, ఈ జన్మలో ఉలి పట్టననీ, పుస్తకం చూసి నూనె రాయననీ ప్రమాణం చేశాను. మాట తప్పలేదు. పొడుం మానతానని అనలేదు. అన్నా మా ఆవిడ మాననిచ్చేది కాదు.

ఆవిడ పోయాక నా అంతట నేనే మానుకున్నాను. ఇప్పుడు వంటమనిషి పెట్టే చారు వాసన బాగానే తెలుస్తుంది. ఆ చారులో పోపు ఏనాడూ మాడదు.